కంటికి కానరాని శత్రువు, కంచంలోని మిత్రుడు

మా కుందారపల్లిలో ఎవరికైనా దగ్గు పట్టుకున్నదంటే మొదటి వారం మిరియాల కషాయం, రెండవ వారం మందుల షాపువాడు ఇచ్చిన సీసా, మూడవ వారం నుంచి మౌనం. ఆ మౌనమే ఈ నాలుగు మాటలు మా చేత వ్రాయించుచున్నది.

మా వీధి చివర ఒక కుటుంబం ఉన్నది. పేర్లు చెప్పము. ఇంటి యజమాని నలభై దాటనివాడు, రాళ్ల క్వారీలో కూలి. భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. ఆ ముసలమ్మ చేతి మజ్జిగ తాగని మనిషి మా వీధిలో లేడు. కొడుకుకు దగ్గు మొదలైనప్పుడు క్వారీ దుమ్మేలే అనుకొన్నారు. నెల గడచినా తగ్గకపోయేసరికి ఆసుపత్రికి పోయినాడు. అక్కడ చిన్న డబ్బీ చేతికిచ్చి "సళి" పట్టి ఇమ్మన్నారు. మా ప్రాంతంలో తమిళం రాని తెలుగువాడు లేడు. కాని సళి అన్నమాట తమిళంలో జలుబుకూ చెల్లును, తెమడకూ చెల్లును. అతడు గుమ్మం దగ్గరే నిలబడి నోట్లో ఊరిన ఉమ్మి డబ్బీలో ఉమ్మి ఇచ్చి వచ్చినాడు. "క్రిములు లేవు" అని చీటీ వచ్చినది. ఇంట్లో పాయసం వండినారు. మాకూ ఒక గిన్నె పంపినారు.

రెండు నెలలు గడచినవి. మనిషి ఆరు కిలోలు తగ్గినాడు. రాత్రిళ్లు పక్క తడిసేటట్లు చెమటలు. అప్పుడు ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త ఒకావిడ చూచి, మళ్లీ డబ్బీ ఇచ్చి, ఈసారి విడమరచి చెప్పినది: "పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గుండె నిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి తెమడ తీయవలె. ఉమ్మి వద్దు." ఆ డబ్బీలో క్రిములు కనబడినవి. చీటీ మీద "రెండు ప్లస్" అని ఉన్నది. ఈ రెండు నెలలూ ఎనిమిదేళ్ల చిన్నపిల్ల తండ్రి పక్కలోనే నిద్రించినది.

ముసలమ్మ చీటీలు రెండూ కొంగున ముడివేసుకొని మా ఇంటికి వచ్చినది. "నాయనా, ముందర లేవన్నారు, ఇప్పుడు ఉన్నాయంటున్నారు. ఏది నిజం?" అని అడిగినది. మేము ఆఫీసులో కాగితాలు వ్రాసుకొనేవాళ్లమే గాని వైద్యులము కాము. అయినా ఆ తల్లికి జవాబు చెప్పవలెనని పుస్తకాలు తిరగవేసి, తెలిసినవారిని అడిగి కొంత నేర్చుకొన్నాము. అది మన పాఠకులకు కూడా పనికివచ్చునని ఇక్కడ వ్రాయుచున్నాము.

రంగు ఎందుకు వేయవలె?

క్షయక్రిమి పొడవు మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలు. సూక్ష్మదర్శినిలో వెయ్యి రెట్లు పెద్దది చేసి చూచినా మామూలుగా కనబడదు. చిన్నది కావటం ఒక్కటే కారణం కాదు. దానికి రంగు లేదు. నీళ్ల గ్లాసులో గాజుపెంకు పడితే కన్ను ఎట్లా మోసపోవునో ఇదీ అంతే. అందుచేత శాస్త్రజ్ఞులు దానికి రంగు పట్టించే ఉపాయం వెదకినారు.

రంగు పట్టటం అంటే పైపూత కాదని మన ఆడవారికి చెప్పనక్కరలేదు. పసుపు మరక పడిన చీరను సబ్బుతో రుద్దితే ఎర్రబడును, ఎండలో వేస్తే వెలిసిపోవును. పసుపులో సున్నం కలిపితే పారాణి అగును. నూలుకు పట్టే రంగు పట్టుకు అట్లాగే పట్టదు. వస్తువు లోపల ఏమున్నదో దానిని బట్టి రంగు నిలుచును, లేక పోవును. క్రిములకు రంగువేసే విద్య అంతా ఈ ఒక్క సూత్రం మీదనే నిలిచి ఉన్నది.

1856లో ఇంగ్లాండులో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు బొగ్గు తారు నుంచి తీసిన పదార్థాలతో మలేరియా మందైన క్వినైను చేయబోయి, మందుకు బదులు ఊదారంగు సంపాదించినాడు. దానితో కృత్రిమ రంగుల పరిశ్రమ పుట్టినది. బట్టల మిల్లులకోసం తయారైన ఆ రంగులను వైద్యులు క్రిముల మీద ప్రయోగించినారు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో డాక్టర్ రాబర్ట్ కాక్ క్షయక్రిమిని కనిపెట్టినట్లు ప్రకటించినప్పుడు ఆయన చేతిలో ఉన్న ముఖ్యమైన ఆయుధం మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు. అందుకే నేటికీ మార్చి 24ను ప్రపంచ క్షయ దినంగా జరుపుచున్నారు.

ఆ సభలో పాల్ ఎర్లిక్ అనే యువ వైద్యుడు కూర్చొని ఉన్నాడు. కాక్ పద్ధతిలో రంగు పట్టటానికి చాలా సేపు పట్టేది. ఎర్లిక్ ఆ ఏడాదే ఎర్రని ఫుక్సిన్ రంగుతో మెరుగైన మార్గం కనిపెట్టినాడు. అతడు రంగువేసిన గాజుపలకలను ఆరటానికి పొయ్యి మీద పెట్టగా, ఎవరో తెలియక పొయ్యి వెలిగించినందువల్ల వేడికి క్రిములు మరింత చక్కగా రంగు పట్టినవని ఒక ముచ్చట చెప్పుదురు. కొన్నేళ్లకు ఎర్లిక్ తన తెమడనే పరీక్షించుకొని, అందులో అవే క్రిములను చూచినాడు. 1888లో ఈజిప్టుకు పోయి విశ్రాంతి తీసుకొని కోలుకొని వచ్చినాడు. తాను కనిపెట్టిన రంగే తన రోగాన్ని తనకు చూపినది!

లక్కముద్ర

ఎర్లిక్ పద్ధతిని 1882-83లలో జీల్, నీల్సన్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు సరిదిద్దినారు. వారి పేర్లతోనే జీల్-నీల్సన్ పద్ధతి అని నేటికీ వాడుకలో ఉన్నది. ఆ పద్ధతి ఇట్లా ఉండును.

తెమడలో చిక్కగా, పసుపుపచ్చగా ఉన్న భాగాన్ని పుల్లతో తీసి గాజుపలక మీద పలుచగా పులుముదురు. ఆరిన తరువాత పలకను మంట మీదుగా రెండు మూడుసార్లు పోనిత్తురు. దానితో పూత పలకకు అంటుకొనును. దానిపై కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్రరంగు పోసి, ఆవిరి లేచేవరకు క్రింద సెగ చూపుదురు. మరగనీయరాదు, ఎండనీయరాదు. ఐదు నిమిషాలైన తరువాత కడిగి, గంధకికామ్లం నీళ్లు పోయుదురు. ఆ ఆమ్లం దెబ్బకు పలక మీది ఎరుపు అంతా వెలిసిపోవును, ఒక్క క్షయక్రిములకు పట్టిన ఎరుపు తప్ప. చివరకు మిథిలీన్ బ్లూ పోసి కడిగితే తక్కినదంతా నీలం, క్షయక్రిములు మాత్రం సన్నని ఎర్రపుల్లలు. నీలాకాశంలో ఎవరో కుంకుమ గీతలు గీసినట్లు కనబడును.

ఆమ్లానికి సైతం లొంగని ఆ మొండితనం ఎక్కడిది? క్షయక్రిమి ఒంటిచుట్టూ మైనం వంటి దళసరి పొర ఉన్నది. తామరాకు మీద నీటిబొట్టు వలె, ఆ పొర మీద రంగు మామూలుగా నిలువదు. మా ఆఫీసులో రిజిస్టరు కవర్లకు లక్కముద్ర వేయటం చూచినవారికి ఇది సులభంగా అర్థమగును. వేడికి లక్క మెత్తబడును, ముద్ర దిగును. చల్లారిన తరువాత దానిని చెరపటం ఎవరి తరమూ కాదు. సెగతో మైనపు పొర మెత్తబడి రంగును లోపలికి రానిచ్చును. చల్లబడగానే తలుపు మూసుకొనును. ఇక ఆమ్లం పోసినా లోపలి రంగు బయటికి రాదు. ఆ క్రిమి మన శరీరంలో ఏళ్ల తరబడి దాగి ఉండగలగటానికి కూడా ఈ మైనపు కవచమే చాలవరకు తోడ్పడుచున్నది.

ఇప్పుడు ముసలమ్మ ప్రశ్నకు వత్తాము. సూక్ష్మదర్శినిలో క్రిమి కనబడవలెనంటే ఒక మిల్లీలీటరు తెమడలో కనీసం ఐదు వేల నుంచి పది వేల క్రిములుండవలెను. ఉమ్మి నోటిలో ఊరేది, తెమడ ఊపిరితిత్తుల నుంచి వచ్చేది. ఉమ్మి ఇస్తే అందులో క్రిములు ఉండకపోవచ్చును, ఉన్నా చాలకపోవచ్చును. లెక్క కూడా ఒక పద్ధతి ప్రకారం చేయుదురు. వంద దృశ్యాలు చూస్తే ఒకటి నుంచి తొమ్మిది క్రిములు కనబడితే "కొద్దిగా" అని, పది నుంచి తొంభైతొమ్మిది కనబడితే ఒక ప్లస్ అని, దృశ్యానికి ఒకటి నుంచి పది కనబడితే రెండు ప్లస్ అని, పదికి మించితే మూడు ప్లస్ అని వ్రాయుదురు. కనుక మొదటి చీటీ అబద్ధం కాదు, రెండవదీ అబద్ధం కాదు. గాజుపలక తనకు ఇచ్చినదానిని గురించే సాక్ష్యం చెప్పును. "క్రిములు కనబడలేదు" అన్నదానికీ "రోగం లేదు" అన్నదానికీ చాలా దూరమున్నది.

ఈ లోపాన్ని తీర్చటానికి నేడు కొత్త పరీక్షలు వచ్చినవి. సీబీనాట్ అనేదీ, మన దేశంలోనే తయారైన ట్రూనాట్ అనేదీ క్రిమి యొక్క జన్యుపదార్థాన్నే వెదకి, చాలా తక్కువ క్రిములున్నా రెండు గంటలలోపే పట్టి ఇచ్చును. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు ఆ క్రిమి లొంగునో లొంగదో కూడా చెప్పును. కాని వాటికైనా కావలసినది మంచి తెమడే.

ఊదా, గులాబి

క్షయక్రిమి సంగతి ప్రత్యేకం. తక్కిన క్రిములకు ఎక్కువగా వాడేది 1884లో డెన్మార్కు వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన పద్ధతి. ఆయన బెర్లిన్‌లో పనిచేయుచూ, నిమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తులలో క్రిములను వెదకుటకు దీనిని కనిపెట్టినాడు. మొదట ఊదారంగు, తరువాత అయోడిన్, ఆపైన సారాయం, చివరకు ఎర్రరంగు పోయుదురు. కవచం దళసరిగా అల్లుకొన్న క్రిములు ఊదారంగును పట్టుకొని కూర్చొనును, వాటిని గ్రామ్ పాజిటివ్ అందురు. కవచం పలుచనైనవి సారాయానికి ఊదాను విడిచి చివరి రంగుతో గులాబిగా మారును, అవి గ్రామ్ నెగటివ్. ఏ క్రిమికి ఏ మందు పనిచేయునో నిర్ణయించటానికి డాక్టరుకు ఇది తొలి ఆధారం. చిత్రమేమంటే, గ్రామ్ నాడు చివరి ఎర్రరంగు వాడలేదు, అది తరువాతివారు చేర్చినది.

రంగుల నుంచి విటమినుకు

ఎర్లిక్‌కు మరొక ఆలోచన వచ్చినది. క్రిమికి పట్టి మనిషికి పట్టని రంగు ఉన్నప్పుడు, క్రిమిని చంపి మనిషిని చంపని మందు ఎందుకుండరాదు? 1891లో ఆయన మిథిలీన్ బ్లూనే మలేరియా రోగులకు ఇచ్చి చూచినాడు. ఆ దారినే పోయి 1935లో డోమాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్రాంటోసిల్ అనే మందును లోకానికి తెలిపినాడు. అది కూడా ఒక ఎర్రరంగే! దాని లోపల ఉన్న సల్ఫా అంశం క్రిములకు శత్రువని తరువాత తేలినది.

ఈ సల్ఫా ఎట్లా పనిచేయునో తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగినది. ఫోలిక్ ఆమ్లమనే విటమిన్ లేకపోతే క్రిమీ పెరగదు, మనిషీ బ్రతకడు. అయితే చాలా రకాల క్రిములు దానిని తమ ఇంట్లో తామే వండుకొనును. మనకు వండుకొనే శక్తి లేదు, ఆకుకూరలలో, పప్పులలో తినవలసినదే. సల్ఫా మందు ఆ క్రిముల వంటింటిలో పొయ్యి ఆర్పివేయును. మనకు ఆ వంటిల్లే లేదు గనుక ఆ దెబ్బ మనకు తగలదు. క్షయకు మాత్రం ఈ మందు చాలలేదు. క్షయకు స్ట్రెప్టోమైసిన్, పాస్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చేవరకు ఆగవలసివచ్చినది.

ఫోలిక్ ఆమ్లం పేరెత్తి మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలవకపోతే పాపం. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లిన ఆ మహనీయుని అన్నగారు స్ప్రూ అనే జబ్బుతో పోయినారు. తిన్నది ఒంటబట్టక మనిషి క్షీణించే జబ్బు అది. అటువంటి రోగులకు మేలుచేసే ఫోలిక్ ఆమ్లాన్ని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసినది. 1948లో ఆయన కీర్తిశేషులైనారు. దానికి ముందే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భిణులైన పేద స్త్రీలలో రక్తహీనతకు తిండిలోని లోటే కారణమని ఈస్టు సారంతో నయంచేసి 1931లో చూపినది. బొంబాయిలో కనిపెట్టిన లోటుకు భీమవరం బిడ్డ విరుగుడు తయారుచేసినాడనవచ్చును.

మదనపల్లె, మద్రాసు

మందులు లేని రోజులలో క్షయకు విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, ఇవే వైద్యం. ఆ పద్ధతి మీద మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం ఏర్పడినది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి సారథి. పాలు, గుడ్లు, మంచి భోజనం అక్కడి చికిత్సలో భాగం. కాని దేశంలోని రోగులందరికీ శానిటోరియంలు ఎక్కడినుంచి తెచ్చేది?

ఆ ప్రశ్నకు జవాబు మద్రాసులో దొరికినది. 1956లో అక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ప్రారంభమైనది. మద్రాసు పేటలలోని పేద రోగులలో సగంమందిని శానిటోరియంలో చేర్చి, సగంమందిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, అందరికీ ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చినారు. శానిటోరియంవారు మెరుగైన తిండి తిని ఎక్కువ బరువు పెరిగినారు. ఇంట్లో ఉన్నవారు పాత గంజే త్రాగినారు. అయినా తెమడలో క్రిములు పోవటంలో ఇరుపక్షాలూ దాదాపు సమానంగా నిలిచినవి. ఇంట్లో ఉంచినందువల్ల కుటుంబంలో జబ్బు అదనంగా వ్యాపించనూ లేదు. 1959లో ఈ ఫలితాలు వెలువడగా, ప్రపంచమంతటా క్షయరోగులకు ఇంటి వద్దనే వైద్యం చేసే పద్ధతికి దారి ఏర్పడినది. తీర్పు చెప్పినవి ఆ తెమడ పరీక్షలే.

అయితే దీని నుంచి "మందు ఉంటే చాలు, తిండితో పనిలేదు" అని కొందరు అర్థం తీసినారు. అది సగం మాటే. మందు క్రిమిని చంపునన్నది నిజం. కాని క్రిమి సోకిన వందమందిలో జీవితకాలంలో జబ్బుపడేవారు ఐదు నుంచి పదిమంది మాత్రమే. మిగిలినవారిలో ఒంటి బలం దానిని చెరసాలలో పెట్టి ఉంచును. ఆ కాపలావారికి జీతం మనం తినే తిండి. తిండి చాలనప్పుడు కాపలా సడలును. చక్కెర జబ్బు, క్వారీ రాతిదుమ్ము, పొగత్రాగటం కూడా కాపలాను సడలించును.

మిగిలిన సగం మాట జార్ఖండులో తేలినది. 2019 నుంచి 2022 వరకు అక్కడ 2,800 మంది రోగుల ఇండ్లలో ఉన్న 10,345 మంది కుటుంబసభ్యుల మీద పరిశోధన జరిగినది. రోగులందరికీ ఆహారం ఇచ్చినారు. కుటుంబసభ్యులలో ఒక వర్గానికి మాత్రం మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చినారు. పుచ్చుకొన్న ఇండ్లలో కొత్తగా క్షయ రావటం 39 శాతం తగ్గినది. ఊపిరితిత్తులకు వచ్చే అంటుజబ్బు అయితే 48 శాతం తగ్గినది. మొదటి రెండు నెలలలో బరువు పెరిగిన రోగులలో మరణాలు బాగా తగ్గినవి. 2023లో ఇది ప్రకటితమైనది. బియ్యం, పప్పు కూడా ఒక విధమైన టీకాయే అని దీనివలన తెలియుచున్నది.

మన కంచం

మన కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలకు దేవుడిచ్చిన ధాన్యం రాగి. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. బియ్యంలో పది మాత్రమే. కాని సంకటి ఒక్కటే తింటే చాలదు, అందులో మాంసకృత్తులు వందకు ఏడు గ్రాములే. మన పెద్దలు సంకటికి ఉలవచారు, పితికిన పప్పు జతచేసినది రుచికోసం మాత్రమే కాదు. ఉలవలలో వందకు ఇరవైరెండు గ్రాముల మాంసకృత్తులు, వేరుసెనగలో ఇరవైనాలుగు. గుడ్డులో ఆరేడు గ్రాములున్నవి. ధాన్యంలో కొరవడిన అంశం పప్పులో ఉండును, పప్పులో కొరవడినది ధాన్యంలో ఉండును. రెండూ కలసినప్పుడే శరీరానికి పూర్తిగా ఉపయోగపడును.

తోటకూర, మునగాకు వారానికి మూడు నాలుగుసార్లయినా ఉండవలెను. నిమ్మకాయ పిండుకొంటే వాటిలోని ఇనుము ఒంటికి పట్టును. భోజనంతో పాటు టీ త్రాగితే ఆ ఇనుము వృథా అగును. రాగులను మొలకెత్తించి పిండిచేస్తే వాటిలోని ధాతువులు మరింత బాగా ఒంటబట్టును.

బరువు చూచుకొనే అలవాటు కూడా కావలెను. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 47 కిలోలకు తగ్గితే బలహీనత క్రింద లెక్క. 36కు దిగితే ప్రాణాపాయం. తమిళనాడులో 2022లో మొదలైన "కాసనోయ్ ఇఱప్పిల్లా తిట్టం" ప్రకారం క్షయ అని తేలగానే రోగి ఎత్తు, బరువు, ఊపిరి, నిలబడే శక్తి చూచి, మరీ నీరసించినవారిని ఆసుపత్రిలో చేర్చుకొందురు. కేంద్ర ప్రభుత్వం 2018 నుంచి రోగి పోషణకు నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దానిని 1,000 చేసినారు. ఆ డబ్బు బ్యాంకులో పడుటకు కాగితాలు సరిగా ఉండవలెను. చదువుకొన్న ఇరుగుపొరుగు ఆ ఫారాలు నింపి ఇస్తే అదొక అన్నదానమే.

మందు విషయంలో రెండు మాటలు. మామూలు క్షయకు ఆరు నెలల మందు. రిఫాంపిసిన్ మూలాన మూత్రం ఎర్రబడును, బెదరి మందు మానరాదు. ఐసోనియాజిడ్ మన ఒంటిలోని బి-6 విటమినును తగ్గించి పాదాలలో తిమ్మిరి తెప్పించవచ్చును. అందుకే డాక్టరు ఆ విటమిన్ మాత్ర కూడా ఇచ్చును, దానిని పారవేయరాదు.

మేము చేసిన తప్పు

ఇంతా వ్రాసి మా సంగతి దాచుట న్యాయం కాదు. చీటీ మీద రెండు ప్లస్ అని వచ్చిన వారం నుంచి ఆ ఇంటి గడప ఎవరూ త్రొక్కలేదు. ముసలమ్మ ఎప్పటివలె మజ్జిగ చెంబుతో పిలిచినది. మేము ఆఫీసుకు వేళయినదని చెప్పి తప్పించుకొన్నాము. అట్లా ఒకసారి కాదు, నెల రోజులు. క్షయ గాలిలో వచ్చునేగాని కంచంలో, చెంబులో రాదని ఆ తరువాత చదివి తెలుసుకొన్నాము. రోగి దగ్గినా తుమ్మినా గుడ్డ అడ్డం పెట్టుకొని, కిటికీలు తెరచి, మందు క్రమంగా మ్రింగుచున్నంతకాలం అతని తల్లి చేతి మజ్జిగకు భయపడటం మూఢత్వం. ముసలమ్మ ఏమీ అనలేదు. అర్థమైనదని మాత్రం ఆమె ముఖం చెప్పినది.

తరువాత ఆ ఇంట్లో అందరికీ పరీక్షలు చేసినారు. చిన్నపిల్లకు జబ్బు లేదు గాని క్రిమి సోకినదని తేలి, ముందు జాగ్రత్త మందు మొదలుపెట్టినారు. తండ్రికి రెండు నెలలు మందు తీసుకొన్న తరువాత తెమడ మళ్లీ చూచినారు. క్రిములు కనబడలేదు. ఈసారి చీటీకి పాయసం వండలేదు. ఆరు నెలల మందు పూర్తయిన తరువాత చూతామని ముసలమ్మ అన్నది. పోయిన ఆరు కిలోలలో నాలుగు తిరిగి వచ్చినవి. సంకటిలోకి రోజూ ఒక గుడ్డు, ఉలవకట్టు, ఇవి ఆ ఇంటి కొత్త నియమం. పిల్లలకూ అదే.

తిరిగి క్వారీ దుమ్ములోకి పోవటమా, వేరే కూలి వెదకుకోవటమా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. దానికి ఏ రంగూ జవాబు చెప్పలేదు. మన సంఘంలో పని ఇవ్వగలవారు ఉన్నారు గనుక వారి చెవిని వేయుచున్నాము.

మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే, డబ్బీలో ఏమి ఇవ్వవలెనో తెలుగులో విడమరచి చెప్పండి. ఆ పని మనం చేయగలిగినదే. మొన్న ఆదివారం మేము ముసలమ్మ ఇంటికి మేముగానే పోయి మజ్జిగ అడిగి త్రాగినాము. కొంచెం పులిసినది. రెండవ గ్లాసు కూడా అడిగినాము.